నీలం బోర్డు, ఎర్ర ప్రాసెసరు

మా ఇంట్లో టీవీ వార్తలు వినపడవండి. మా అమ్మాయి వర్షిణి ల్యాప్‌టాప్ ఫ్యాను అంత మోత. పదేళ్ళ నాటిది. దాంట్లోనే ఆ పిల్ల యానిమేషన్ చేస్తుంది. రెండు నిమిషాల బొమ్మల సినిమా చేసి పంపితే ఉద్యోగం చూస్తామని హైదరాబాదులో ఒక స్టూడియోవాళ్ళు అన్నారు. గడువు రెండున్నర నెలలు.

"దీంతో అవదు నాన్నా, మంచి డెస్క్‌టాప్ కొను" అంది.

సరే అన్నాను. రాజమండ్రిలో లెక్కల మాస్టారిని, తొందరపడి ఏదీ కొనను. టూత్‌బ్రష్షుకి కూడా రివ్యూలు చదువుతాను.

ప్రాసెసర్లకి రెండు కంపెనీలున్నాయి. నీలం డబ్బావాళ్ళు, ఎర్ర డబ్బావాళ్ళు. నీలంవాళ్ళ కొత్తది రెండు నెలల్లో వస్తుందన్నారు. మర్నాటి నుంచేమో రెండు నెలలు మూఢం. "ముందే మొదలెట్టేస్తే దోషం ఉండదండి" అంది మా ఆవిడ నాగేశ్వరి. ఆ సాయంత్రమే నీలంవాళ్ళ ప్రాసెసరుకి సరిపోయే మదర్‌బోర్డు ఒక్కటీ కొని, డబ్బాకి బొట్టు పెట్టి దేవుడి గదిలో పెట్టాం.

ఈలోపు నిడదవోలు నుంచి మా తోడల్లుడు మణిశంకర్ ఫోను.

"ఇంకా నీలమేనా అన్నయ్యగారూ? ఎర్రవాళ్ళది దిగుతోందండి. ఇంక నీలంవాళ్ళు కొట్టు కట్టేసుకోడమే."

ఆయన కంప్యూటర్లో పేకాట తప్ప ఏదీ ఆడడు. అయినా ఆయన ముందు తక్కువైపోతానని భయం. మూఢం వెళ్ళగానే ఎర్ర ప్రాసెసరు కొన్నాను.

కంప్యూటర్ షాపు విజయ్ పాల్ రెండూ పక్కపక్కన పెట్టి చూశాడు. "ఇందులో అది కూర్చోదు మాస్టారూ. సాకెట్టు వేరండి."

"కాస్త నొక్కి చూడవయ్యా."

"నొక్కితే కూర్చోడానికి బస్సులో సీటాండి?"

ఇంటికొచ్చి నేనే నొక్కాను. బోర్డులో పిన్నులన్నీ వంగిపోయాయి.

మరో బోర్డు కోసం పది రోజులు రివ్యూలు చదివాను. ఈలోపు గడువు వచ్చేసింది. ఆ పాత ల్యాప్‌టాప్‌లో వర్షిణికి తయారైంది నలభై సెకన్లు. అదే పంపింది. వాళ్ళు జవాబు కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు పక్కవీధి స్కూల్లో ఎల్‌కేజీ పిల్లలకి అట్టముక్కలతో ఏనుగులు కత్తిరిస్తోంది. "ఈసారి నిజంగా కొంటానమ్మా" అన్నాను.

"వద్దులెండి. మీకెందుకండీ శ్రమ" అంది.

పుట్టిన దగ్గర్నుంచీ నన్ను 'నువ్వు' అన్న పిల్లండి అది.

నీలంవాళ్ళది మళ్ళీ కొత్తది వస్తోంది, ఆగమంటున్నాడు మా తోడల్లుడు. కొంటే మా అమ్మాయికి అక్కర్లేదు. ఆగితే నాకు మొహం చెల్లదు. బాబ్బాబూ, కూతురు 'అండి' అనడం మానాలంటే తండ్రి ఏం చెయ్యాలో, తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్పండి. మీ కాళ్ళు పట్టుకుంటాను.