నాలుగు ఒకటి ఎనిమిది

మేడెంబ్లిక్ రేవు బయట, ఐసెల్మీర్ సరస్సు మీద, పందెం బయలుదేరే గీతను కనిపెట్టి ఉండే పని గ్రీత్‌ది. ఇరవై రెండేళ్లుగా ఆమెదే. నిర్ణేతల పడవ స్తంభం దగ్గర నిలబడి, ఎదురుగా దూరాన తేలే నారింజ బుడగ వైపు ఒక కన్ను మూసి చూస్తే, ఆ రెంటి మధ్యా ఉన్నదే గీత. నీళ్ల మీద గీసింది కాదు, ఆమె కంట్లో ఉన్నది. ఆరు రకాల పడవలు, ముప్పై దేశాల వాళ్లు, ఒక రకం తర్వాత ఒక రకం అదే గీత దాటి వెళ్లాలి. నల్లజెండా ఎగిరిందంటే, పందెం మొదలుకాకముందు ఆఖరి నిమిషంలో గీత మీదుగా ముక్కు దాటించినవాళ్ల పని అయిపోయినట్టే, పేరు కొట్టేస్తారు. గ్రీత్ చేతిలో చిన్న రికార్డరు ఉంటుంది. అలా ముందే గీత దాటిన పడవ కనబడగానే దాని తెరచాప మీది అంకెలు అందులోకి చదవాలి. ఆగి ఆలోచించి చెప్పిన మాటకు అక్కడ విలువ లేదు.

ఫిబ్రవరిలో ఆమె భర్త సీబ్రన్ పోయాడు. ఆదివారం పొద్దున బూట్లకు తాళ్లు కట్టుకుంటూ, ఒకటి కట్టి రెండోది కట్టకుండా పోయాడు. అప్పటినుంచి గ్రీత్‌కు ఏదీ అంటడం లేదు. తింటుంది గానీ రుచి తెలియదు. ఓదార్చడానికి వచ్చినవాళ్లకు తనే కాఫీ పోసి, తనే ధైర్యం చెప్పి పంపింది. ఏడుపు రావడం లేదని సిగ్గు కూడా పడలేదు. సిగ్గుపడటానికైనా లోపల ఒక మనిషి ఉండాలి కదా.

ఆ వేళ ఆఖరి రోజు. అమ్మాయిలు ఒక్కొక్కరే నడిపే పడవల ఆఖరి పందెం. జాతీయ జట్టులో ఉన్నది ఒక్క చోటు. దానికోసం మిగిలింది ఇద్దరు: గ్రీత్ కూతురు నింకె, సీబ్రన్ దగ్గర పడవ నడపడం నేర్చుకున్న డౌట్సెన్. నింకె రెండే రెండు పాయింట్లు ముందుంది. మామూలుగా నింకె పందెం వచ్చినప్పుడు గ్రీత్ లోపలికి వెళ్లి కూర్చుంటుంది, గీత దగ్గర వేరే ఆయన నిలబడతాడు. ఆ రోజు ఆయనకు జ్వరం.

"ఏమమ్మాయ్, చూడగలవా? లేదంటే నేనే నిలబడతాను. నా కళ్లకు బుడగ ఒకటి రెండుగా కనబడుతుందనుకో," అన్నాడు ముఖ్య నిర్ణేత వీబె. డెబ్బై దాటినవాడు. యాభై ఎనిమిదేళ్ల గ్రీత్‌ని ఇంకా అమ్మాయ్ అనే పిలుస్తాడు.

"చూస్తాను. నువ్వు కూర్చుని బన్ను తిను," అంది గ్రీత్.

ఈశాన్యపు గాలి. చిన్నవే అయినా నిటారుగా లేచే అలలు. నల్లజెండా ఎగిరింది. అరవై పడవలు ఒకదాని మీద ఒకటి పడుతూ గీత మీదికి వచ్చాయి. చాపలు చాపలను కప్పేస్తున్నాయి. పందెం మొదలవడానికి ఇరవై సెకండ్లు ఉన్నాయనగా ఒక ముక్కు ముందుకు పొడుచుకొచ్చింది. గ్రీత్ రికార్డరు నోటి దగ్గర పెట్టుకుని చెప్పింది. జెండా దిగి పందెం మొదలైంది, పడవలు వెళ్లిపోయాయి.

వీబె బన్ను నమలడం ఆపాడు. "నాలుగు ఒకటి ఎనిమిదా? అది మన నింకెది కదే."

"అవును."

"ఖాయమా?"

"ఖాయం."

వీబె కాసేపటికి సగం బన్ను ఆమె ముందుకు తోశాడు. గ్రీత్ తినేసింది.

నింకె మూడో స్థానంలో వచ్చింది. జట్టులో చోటు వచ్చిందనుకుని పడవలోంచి చేతులెత్తి ఊపింది. ఒడ్డుకొచ్చి బోర్డు చూసేదాకా తన పేరు కొట్టేశారని తెలియదు పాపం. కొట్టించింది ఎవరో కూడా అక్కడే తెలిసింది. క్లబ్బులో బీరు గ్లాసుల దగ్గర ఒకటే మెచ్చుకోలు. "కన్నకూతుర్ని కూడా వదల్లేదు, మనిషంటే అదీ," అని భుజం తట్టినవాళ్లే అందరూ. ఇలాంటి మెచ్చుకోళ్లు నోటికి తేలిక, పోయేది వాళ్ల కూతురి చోటు కాదు గనక. గ్రీత్‌కు ఆ తట్టిన చేతుల బరువు తెలిసింది, అంతకుమించి ఏమీ తెలియలేదు.

నింకె విచారణ అడిగింది. మేడమీది గదిలో బల్ల వెనక విచారించేవాళ్లు ముగ్గురు. మధ్యలో ఉన్నావిడ పోర్చుగల్ నుంచి వచ్చింది. గ్రీత్ సాక్షి కుర్చీలో, నింకె ఎదురుగా. నింకె తడిసిన జుట్టు ఇంకా ఆరలేదు. నియమం ప్రకారం సాక్షిని ప్రశ్నించేది విచారణ అడిగినవాళ్లే.

"సాక్షిగారూ," అంది నింకె. కన్నతల్లిని ఆ మాటతో పిలిచింది. "మీరు నా చాప మీది అంకెలు చదివారా? నేను రెండో వరసలో ఉన్నాను. నా ముందు ఇంకో చాప ఉంది. అవి మీకు కనబడే వీలే లేదు."

చదివానంటే సరిపోతుంది. గదిలో అందరూ ఆ జవాబుకే సిద్ధంగా ఉన్నారు. చదవలేదంటే రేపు ఈ రేవంతా నవ్వుతుంది, తల్లి ప్రాణం ఆగలేక మాట మార్చిందని. ఇరవై రెండేళ్ల పేరు ఒక్క పూటలో గంగలో కలుస్తుంది. అదంతా గ్రీత్‌కు తెలుసు. ఎవరో పరాయివాళ్ల సంగతి తెలిసినట్టు తెలుసు.

"ముందు రికార్డరు విందాం," అంది పోర్చుగల్ ఆవిడ.

గాలి హోరు. జెండా తాడు స్తంభానికి కొట్టుకునే చప్పుడు. తర్వాత గ్రీత్ గొంతు, బంగాళాదుంపల ధర చెబుతున్నంత చప్పగా. ముందు ఒక మాట, ఆ తర్వాత అంకెలు.

ఆవిడ రెండోసారి వినిపించింది. "అంకెలు తెలిశాయి. వాటికి ముందున్నది మీ భాషలో పడవ మాటా? అర్థమేమిటి?"

గ్రీత్‌కు ఆ మాట అన్నట్టే గుర్తు లేదు.

"పడవ మాట కాదండీ. పేరు. మా ఆయన పేరు. ఫిబ్రవరిలో చనిపోయాడు." ఆమె తన చేతులకేసి చూసుకుంది. "అంకెలు చదవలేదు. ఒక మనిషి కనబడింది. ఎడమ భుజం కిందికి జార్చి, మెడ ఒక పక్కకు వాల్చి కూర్చుంది. ఆయన అలాగే కూర్చునేవాడు. అలా కూర్చుంటే అది నా కూతురే అయివుంటుందనుకున్నాను. దాని అంకెలు నాకు కంఠతా వచ్చు."

"నేను అలా కూర్చోను," అంది నింకె. నియమాలన్నీ మరిచిపోయి. "ఆరేళ్లు నేర్పాడు, నాకు రాలేదు. విసిగిపోయి ఆ తర్వాత డౌట్సెన్‌కు నేర్పాడు. దానికి వారంలో వచ్చింది. నీకు తెలీదా అమ్మా?"

"తెలీదు," అంది గ్రీత్. నిజంగానే తెలియదు. ఒకే ఇంట్లో ఆరేళ్లు జరిగిన సంగతి.

అరగంట తర్వాత తీర్పు చెప్పారు. చదవని అంకెలతో ఎవరినీ తీసేయడం కుదరదు. నింకె మూడో స్థానం నింకెకే, జట్టులో చోటు కూడా. డౌట్సెన్‌ను ఎవరూ ఏమీ అడగలేదు, అడగటానికి నియమం లేదు. గ్రీత్ తన మెడలోని నిర్ణేత కార్డు తీసి బల్ల మీద పెట్టింది. వద్దని ఎవరూ అనలేదు.

నింకె మెట్ల దగ్గర నిలబడి ఉంది. గెలిచినదాని మొహం కాదు.

"ఆయన పోయిన దగ్గర్నుంచి ఆయన పేరు ఎత్తలేదు నువ్వు," అంది. "నేను ఎత్తినా మాట మార్చేశావు. నాతో అనడానికి నోరు రాలేదు గానీ, ఆ పెట్టెతో అన్నావు."

"అన్నానని తెలీదే."

"అయితే ఇప్పుడు తెలిసి అను. నాతో అను."

గ్రీత్ రెయిలింగు పట్టుకుంది. ఒక్క పేరు, మూడు అక్షరాలు. నోరు తెరిచి "సీబ్రన్" అంది. ఈసారి చప్పగా రాలేదు. నింకె వచ్చి పట్టుకునేలోపే ఆమె మెట్టు మీద కూలబడి, పైకీ కిందికీ వెళ్లే జనమంతా చూస్తుండగా, భోరున ఏడ్చింది.