మైకమ్మ రెండు ఇన్‌హేలర్లు

మా బస్టాండులో నా భార్యను అందరూ మైకమ్మ అంటారు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏయే ఊళ్ల మీదుగా పోతుందో పందొమ్మిదేళ్లుగా మైకులో చెప్పేది ఆమే. నేను డ్రైవర్ని. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఒక్క యాక్సిడెంటు లేదు. అయినా నన్నెవరూ డ్రైవరుగారూ అని పిలిచిన పాపాన పోలేదు, మైకమ్మ మొగుడనే అంటారు. మొదట్లో ఉడుక్కునేవాణ్ణి. తర్వాత అలవాటైపోయింది.

ఆమెకు ఆస్తమా. ఆ జబ్బు పెట్టుకుని పొగలో, దుమ్ములో ఈ ఉద్యోగమేమిటంటే నా మీద ఇంతెత్తున లేస్తుంది. ఊపిరెలా ఉందని నేను విడిగా అడగక్కర్లేదు. బస్సు లోపలికి తిప్పుతుంటే లౌడ్‌స్పీకరే చెబుతుంది. బాగున్న రోజు ఏడెనిమిది ఊళ్ల పేర్లు గడగడా చదివేస్తుంది. బాగోలేని రోజు మూడో ఊరి దగ్గరే ఆగుతుంది.

డాక్టరమ్మ రెండు ఇన్‌హేలర్లు ఇచ్చింది. నారింజ రంగుది ఆయాసం ఉన్నా లేకపోయినా పొద్దునా సాయంత్రం రెండేసిసార్లు పీల్చాలి. నీలంది ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే. మా ఆవిడకు నచ్చింది నీలంది. పీల్చిన ఐదు నిమిషాలకల్లా ఛాతీ తేలికవుతుంది మరి.

"మందంటే ఇదండీ," అనేది. "ఆ నారింజది పీల్చినా ఒకటే, పీల్చకపోయినా ఒకటే."

నాకూ నిజమే అనిపించేది. నీలంది అయిపోయిందంటే చాలు, ఆగమేఘాల మీద వెళ్లి తెచ్చేవాణ్ణి. రెండు నెలల్లో మూడు తెచ్చాను. పెళ్లాం అడగ్గానే తెచ్చిపెట్టే మొగుణ్ణని తోటి డ్రైవర్ల దగ్గర గొప్పలు కూడా పోయాను. మరి నారింజది ఎందుకు అయిపోవడం లేదని ఒక్కసారీ అడగలేదు. నా అంత తెలివైనవాడు బస్టాండు మొత్తంలో ఇంకొకడు ఉండడు.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి నేను బస్సును ఐదో ప్లాట్‌ఫారంలోకి వెనక్కి తీస్తున్నాను. స్పీకర్లో నా బస్సు సంగతే చెబుతోంది. మొదటి ఊరు చెప్పింది. రెండో ఊరి పేరు సగంలో ఉండగా గొంతు ఆగిపోయింది. దగ్గు కూడా వినపడలేదు. నేను సగం తీసిన బస్సును అక్కడే ఆపేసి పరిగెత్తాను. వెనకాల హారన్ల మోత, తిట్లు. ఎవరేమన్నారో నాకిప్పటికీ తెలియదు.

మైకు గదిలో ఆమె రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి ముందుకు వంగి ఉంది. పెదవులు నల్లబడ్డాయి. ఒక చేత్తో నీలం ఇన్‌హేలర్ పట్టుకుంది. రెండో చెయ్యి మైకు స్విచ్చి మీద ఉంది. తన ఆయాసం జనానికి వినపడకూడదని ఆ స్థితిలో కూడా మైకు ఆపేసింది. అది చూసి నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కండక్టరూ నేనూ కలిసి ఆమెను ఆటో ఎక్కించాం. దారంతా నీలంది పీలుస్తూనే ఉంది, ఈసారి అది సరిపోలేదు.

ఆసుపత్రిలో మాస్కు పెట్టి మందు ఎక్కించాక, రాత్రికి మాట వచ్చింది. మర్నాడు డాక్టరమ్మ రెండు ఇన్‌హేలర్లూ తెమ్మంది. నారింజదాన్ని వెనక్కి తిప్పి దాని మీది అంకెలు చూసింది. నూట ఇరవై డోసుల్లో డెబ్బై రెండు అలాగే ఉన్నాయి. నీలంవి రెండు నెలల్లో మూడు తెచ్చానని నేనే చెప్పాను.

"నీలంది మూసుకుపోయిన గొట్టాలను కాసేపు తెరుస్తుంది, అంతే. లోపలి వాపు తగ్గించేది ఈ నారింజది. రోజూ వాడితే గానీ దాని పని కనపడదు. రెండు నెలల్లో మూడు నీలంవి అయ్యాయంటే జబ్బు ముదురుతోందని అర్థం. ఇంట్లో ఎవరూ గమనించలేదా?"

నేను నా చెప్పుల వంక చూసుకున్నాను.

"పన్నెండు రోజులు వాడానండీ," అంది మా ఆవిడ. "గొంతు బొంగురుపోయింది. మైకులో నా గొంతు నాకే కాకి అరిచినట్టు వినపడింది. మైకమ్మ మారిందా అని ఎవరో బస్టాండు కంట్రోలర్‌ని అడిగారట కూడా. గొంతు పోతే నన్ను పక్కనపెట్టి రికార్డింగు పెట్టేస్తారు."

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"చెబితే ఉద్యోగం మానెయ్యమంటారుగా."

అనేవాణ్ణే.

"మందు పీల్చాక నోరు పుక్కిలించేవారా?" అని అడిగింది డాక్టరమ్మ.

మా ఆవిడకు పౌరుషం వచ్చింది. "పీల్చే ముందు పుక్కిలిస్తానమ్మా, ఉప్పు నీళ్లతో. గొంతు మీద బతికేదాన్ని, ఆ మాత్రం తెలీదా? పీల్చాక మాత్రం గంటదాకా గుక్కెడు నీళ్లు కూడా ముట్టను. మందు కడుక్కుపోతుందని."

డాక్టరమ్మ తల పట్టుకుంది. "మొత్తం తిరగేసి చేశారు తల్లీ! మందు పోవాల్సింది ఊపిరితిత్తుల్లోకి. గొంతులో మిగిలిపోయిన మందే గొంతును పాడుచేసింది. పీల్చాక పుక్కిలించి ఉమ్మెయ్యాలి."

"గొంతు మళ్లీ వస్తుందా?"

"చాలామందికి వస్తుంది. అచ్చం మునుపటిలా వస్తుందని మాత్రం మాటివ్వలేను."

మూడు వారాలు సెలవు పెట్టింది. సెలవు అయ్యాక అరగంట మైకులో చదివించి చూస్తాననీ, గొంతు నిలవకపోతే వేరే పని చూద్దామనీ కంట్రోలర్ కబురు పంపాడు. ఆ రాత్రే నేను మనసులో మాట చెప్పేశాను. "నీ గొంతు ఎలా ఉంటేనేం, నువ్వుంటే నాకు చాలు."

"మీకు చాలు. నాకు చాలదు," అంది.

ఆ పరీక్ష రోజు పొద్దున అద్దం ముందు నిలబడి ఊళ్ల పేర్లు చదువుకుంది. గొంతులో ఇంకా కొంచెం గరగర ఉంది. చేతిలో ఉన్న నారింజ ఇన్‌హేలర్‌ని మళ్లీ అరలో పెట్టేసింది.

"ఇవాళ ఒక్క పూటకీ వద్దులెండి. సాయంత్రం వచ్చి వేసుకుంటా."

పన్నెండు రోజులు వాడి మానేసినప్పుడు కూడా ఒక్క పూటతోనే మొదలుపెట్టి ఉంటుంది. ఇంటికప్పు లేచిపోయేలా అరుద్దామనుకున్నాను. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"నాకు భయమేస్తోంది."

మా కాపురంలో ఆ మాట నేను అనడం అదే మొదటిసారి. ఆమె అద్దం వదిలి నా వైపు తిరిగింది.

"మీకా?"

"నాకే. ఆ రోజు స్పీకర్ ఆగినప్పట్నుంచీ నిద్ర సరిగ్గా పట్టడంలేదు. నువ్వు పడుకున్నాక లేచి నీ ఊపిరి వింటున్నా."

ఆమె అరలోని ఇన్‌హేలర్ వంక చూసింది. తర్వాత అంది, "ఉద్యోగం పోతే నేను ఏడుస్తాను. ఊరుకోమని మాత్రం అనకండి."

"అనను."

"ఎంతసేపైనా సరే."

"అననన్నానుగా."

"ఏడవాలన్నా ఊపిరుండాలి కదా," అని అరలోంచి ఇన్‌హేలర్ తీసి ఊపింది. మెల్లగా పీల్చి పట్టి ఉంచింది, ఇంకోసారి పీల్చింది. మూడుసార్లు పుక్కిలించి ఉమ్మింది. సగం నీళ్లు నా యూనిఫారం మీద పడ్డాయి.

కంట్రోలర్ అరగంటసేపు విని, రేపట్నుంచి డ్యూటీకి రమ్మన్నాడు. ఉద్యోగం నిలిచింది. అయినా సాయంత్రం ఇంటికొచ్చాక మంచం మీద కూర్చుని గుక్క తిప్పుకోకుండా ఏడ్చింది. నేను పక్కనే కూర్చుని ఆ ఏడుపంతా విన్నాను. ఊరుకోమని అనలేదు.