గాలిజల్లెడ

"ఆ బండికి కనుమలో ఊపిరాడకపోతే నా బిడ్డ గతేంది దేవుడా!"

అని అంకమ్మ వాకిట నిలిచి యెవ్వరినో యడిగినట్లు పలికెను. వినువారెవ్వరును లేరు. బండి యింకను గడప దాటలేదు. దాని నెక్కవలసిన కూతురింకను లోపల జడ యల్లుకొనుచునే యుండెను.

అది వైశాఖమాసమునందలి ప్రాతస్సమయము. వెలిగొండల నీలశిఖరపంక్తిని దాటివచ్చిన బాలసూర్యుని లేయెండ పలకలగనుల గట్లపైనుండి నిరంతరము రేగుచుండు సూక్ష్మధూళియందు చిక్కుకొని కదలలేక నిలిచినట్లుండగా నిండ్లును కంచెలును తోవను బోవు గొఱ్ఱెలమందయు నేలను దాకక తేలుచున్నట్లు కానవచ్చెను. దూరమున రాతిని జీల్చు రంపముల మ్రోత తుమ్మెదరొదవలె మంద్రమై వీనులకు నిద్రను దెచ్చుచుండెను. చూచువారికెంత మనోహరమైన ధూళి! అంకమ్మకు మాత్రమా సొగసు కంటబడదు. ఆమె పెనిమిటియైన మాలకొండయ్య యా గనులలో పలకలు గోసి కోసి యా ధూళినే పీల్చి పీల్చి కడపట రొమ్ములోపల నొక పలకయే పెరిగినవానివలె నూపిరి సలుపక కన్నుమూసెను. మూతికి గుడ్డ కట్టుకొమ్మని యామె యెంత మొత్తుకొన్నను "గుడ్డ కట్టుకుంటే బీడీ యెట్టా తాగేదే?" యని నవ్విపోయినవాడు. ఆ నవ్వు నామె యింకను క్షమింపలేదు.

కూతురు వెంగమాంబ. కొండమీది గూడెములలో దగ్గుతో గృశించుచున్న రోగుల కఫమును సీసాలలోనికి బట్టి మంచుపెట్టెలో నుంచి మోటారుసైకిలుపై పట్టణపుటాసుపత్రికి జేర్చుట యామె కొలువు. ఎండ ముదురకమున్నే చేరవలెను. చేరనిచో సీసాలు చెడును. చెడినచో నే ముదుసలి రొమ్మున నే రోగమున్నదో తెలియకయే పోవును. తన తండ్రిని దగ్గు మ్రింగుట కనులార గాంచిన పిల్ల గావున వెంగమాంబ కా పని ప్రాణము. అట్టి పనియే యిప్పుడు దారపుపోగున వ్రేలాడుచున్నది. బండి యంతకుముందొకమారు త్రోవలో నాగిపోగా పైయధికారి యామెను బిలిచి "ఇంకోసారి ఆగిందంటే ఈ పని వేరేవాళ్ళకిస్తానమ్మాయ్, ఏమనుకోవద్దు" అని చెప్పియుండెను.

నిన్నటి సాయంకాలము మెకానిక్కు బుడేసాహెబు వచ్చి బండి పక్కరేకు నూడదీసి లోపలిపెట్టెనుండి మడతలు మడతలుగానున్న కాగితపు ఫిల్టరును వెలికిదీసి మెల్లగా నేలపై దట్టెను. బూడిదవన్నె పొడి కుప్పయై రాలెను.

"చూసినావా అంకమ్మక్కా? ఇది బండి ముక్కు. గాలిని జల్లించి లోపలికి పంపుద్ది. ఇది లేకపోతే దుమ్ము లోపలికి బొయ్యి పిస్టన్ని కొరికేస్తది. ఇంజనుకు క్షయ బట్టినట్టే ఇంక!"

"అంత దుమ్మునీ ఈ కాయితం ముక్క ఆపుద్దా సాయిబూ?"

"నీ భయాన్ని దప్ప దేన్నైనా ఆపుద్ది" అని యాతడు నవ్వి ఫిల్టరును మరల నమర్చి వెడలిపోయెను.

అతడు నవ్వులాటకు బలికిన క్షయ యను మాట యంకమ్మ గుండెలో గునపమై దిగినది. కాగితమట! చిరిగిన నేమగును? తడిసిన నేమగును? కావుననే యా ప్రాతస్సమయమున కూతురు జడ యల్లుకొనుచుండగా నామె తన పాతచీరనుండి చించి పసుపున ముంచి యార్చిన గుడ్డను నాలుగు మడతలు పెట్టి పక్కరేకును లాగి గాలి లోనికి బోవు నోటియందు బిగియ గ్రుక్కి రేకును యథాప్రకారము నొక్కివైచెను. బిడ్డలకు గాలి సోకకుండ పసుపుగుడ్డ కట్టుట యా యింటి యాచారము. దుమ్మును ధూళియు దుష్టగ్రహమును నొక్కదెబ్బతో నాగునని యామె తలపు. పెనిమిటి కట్టుకొననొల్లని గుడ్డను బండి కాదనలేదుగదా!

వెంగమాంబ వచ్చి బండిని తన్నెను. అది దగ్గి దగ్గి లేచెను.

"ఏందిది, గొంతు మారిందే?"

"పొద్దున్నే గదమ్మా, చలికి."

"వైశాఖంలో చలేందమ్మా!" యని విస్తుపోవుచు నా పిల్ల ధూళిలోనికి గలిసిపోయెను.

మధ్యాహ్నమున నంకమ్మ గుంజ నానుకొని కూర్చుండియే కునికెను. ఆ కునుకునందు కనుమమలుపున నాకసమెల్ల పసుపుగుడ్డయై క్రిందికి దిగుచుండగా దానిక్రింద బండి యొక చూలుగేదెవలె ప్రక్కపై బడి మూల్గుచుండెను. దాని డొక్క లేచుచు బడుచు మరల లేవక నిలుచుచుండెను. ఆమె మోకరిల్లి చెవియొగ్గగా లోపలినుండి మాలకొండయ్య యూపిరి వినవచ్చెను. "తియ్యవే" యని యాతడనెను. "ఏం తియ్యాలయ్యా?" యని యడుగుచునే మేలుకొనెను. వీధిలో నెండ తెల్లగా నిశ్శబ్దముగా నిలిచియుండెను.

ప్రొద్దువాలినపిమ్మట వెంగమాంబ బండిని నడిపించుకొనుచు వచ్చి మసిబట్టిన పసుపుగుడ్డను తల్లి యొడిలోనికి విసరెను.

"ఇదేందమ్మా?"

"దుమ్ము పోకుండా..."

"దుమ్ముతోపాటు గాలి గూడా ఆగిపోయింది. నల్లపొగ కక్కుకుంటా ఎదురుమిట్టలో కూలబడింది. మంచు సగానికి పైగా కరిగినాక ఈ గుడ్డ దొరికింది నాకు. నువ్వు కుక్కిన కుక్కుడికి లోపల కాయితం గూడా చిరిగింది."

"సీసాలు?"

"గేటు మూసేవాడి కాళ్ళు పట్టుకున్నంత పనైంది. తీసుకున్నారు. ఈసారికి వదిలేసినారు, రేపు ఆలస్యమైతే ఇంక రావద్దన్నారు."

అంతటితో నా యింట మాట నిలిచిపోయెను. దీపము పెట్టినను కంచము పెట్టినను వెంగమాంబ పెదవి విప్పదయ్యె. బిడ్డ తిట్టిన నంకమ్మ యోర్చుకొనును. ఏడ్చిన నోదార్చును. ఊరకుండుట మాత్రమామె కలవడని యాపద.

తెల్లవారుటకు మున్నే యామె బుడేసాహెబు కొట్టునకు బోయి యాతనిని నిద్రలేపెను. అతడు జరిగినదంతయు విని నుదురు గొట్టుకొనెను.

"నాలుగు మడతలా! బండికి పాడె గుడ్డ గప్పినావు గదక్కా!"

"తిట్టు సాయిబూ, నువ్వన్నా తిట్టు. ఇంట్లో ఆ భాగ్యం గూడా లేదు నాకు."

అతడు మెత్తబడి యొక స్పాంజి ఫిల్టరును నొక కాగితపు ఫిల్టరును నామె ముందట బెట్టెను.

"ఈ స్పాంజిది వేరే బండ్లది, దీనికి గూర్చోదు. అయినా తెలుసుకో. దీన్ని సబ్బునీళ్ళల్లో పిసికి, నీడలో ఆరబెట్టి, రొంత నూనె పట్టించి, మిగిలింది పిండెయ్యాల."

"తలంటినట్టేగా?"

"తలంటే! కాకుంటే ముందు స్నానం, తర్వాత నూనె. నీ బండిది కాయితంది. దీనికి నీళ్ళు సోకగూడదు. మెల్లగా తట్టాల, లోపల్నించి బైటికి గాలి కొట్టాల. మన గనుల తోవలో అందరికన్నా ముందే మార్చాల."

"అదిగో, ఆ పక్కన చవకదుందే?"

"దాని అంచు సరిగా గూర్చోదు. సందులోంచి దుమ్ము దూరుద్ది. అదేసే బదులు నీ గుడ్డే నయం. కనీసం అది ఇంజన్ని చంపకుండా బండిని ఆపుద్ది."

అంకమ్మ మంచిదానిని చేతికి దీసికొని యిటునటు త్రిప్పి "ఇది మాత్రం ఊపిరాపదని యెట్టా నమ్మేది?" యని మరల మొదలుపెట్టెను.

"మూతికి పెట్టుకొని పీల్చు" అనెను సాహెబు.

పీల్చెను. గాలి చల్లగా లోనికి వచ్చెను.

"ఇప్పుడు నీ పసుపుగుడ్డ అట్టనే నాలుగు మడతలు కట్టుకొని ఆ పలకల దిబ్బెక్కి రా."

గ్రుడ్డివెలుతురున నామె మూతికి గుడ్డ బిగించి కొట్టువెనుకనున్న దిబ్బ నెక్కదొడగెను. పలకముక్కలు కాళ్లక్రింద గలగలమని జారుచుండెను. సగమెక్కునంతలో రొమ్ము బిగిసెను. చెవులలో హోరు పుట్టెను. చుక్కలు కొన్ని యాకసముననో కన్నులలోపలనో మెఱసెను. ఆమె నిలిచిపోయెను. నెత్తిపై రాతిబరువుతో నిట్టి దిబ్బలను దినమెల్ల నెక్కి దిగినవాడు గుడ్డ కట్టుకొనలేక బీడీ నెపము జెప్పి నవ్వెనేమో! అతడు చేసినది తప్పే. పలుచని గుడ్డయైనను కట్టుకొనియున్న నింకను కొన్నాళ్లు బ్రదికియుండెడివాడే. అయినను పలుచనిదానికై వెదకుమని యామెయు జెప్పలేదు. మందముగా గట్టుకొమ్మనియే పోరినది. గుడ్డను విప్పి యామె యా ధూళిగాలినే గుండెలనిండ బీల్చి చాలసేపచ్చటనే కూర్చుండి తరువాత దిగివచ్చెను.

ఆమె యిల్లు చేరునప్పటికి తూరుపు తెల్లవాఱుచుండెను. మంచుపెట్టె సిద్ధముగానుండెను. చిరిగిన ఫిల్టరును చేతబట్టుకొని వెంగమాంబ బండిచెంత గొంతుకూర్చుండి దిక్కుతోచక యుండెను. తల్లి క్రొత్తదాని నామె చేతిలోనుంచి యెడముగా నిలిచెను. కూతురు దాని యంచును వ్రేలితో దడవిచూచి పెట్టెలో నమర్చి మూత బిగించెను.

"వెంగమ్మా" అనెను తల్లి. "నన్ను గూడా వెనకాల ఎక్కించుకొని పోతావా? చూడని తోవమ్మా నన్ను చంపతన్నది. ఇంట్లో కూచుంటే అన్నీ లోయలే కనపడతన్నయ్."

వెంగమాంబ పక్కరేకును నొక్కెను. ఎప్పుడును వెనుక గట్టు మంచుపెట్టెను బండి ముందుభాగమునకు మార్చి త్రాటితో గట్టి ముడిని మరల విప్పి మరల గట్టెను. పిమ్మట బండిని దన్నెను. అది యొక్క తాపునకే లేచి సుఖనిద్రనుండి మేల్కాంచిన ప్రాణివలె దీర్ఘముగా సమముగా నూపిరి దీయజొచ్చెను. పొగ పలుచగా నిలిచి విడిపోయెను. గనులధూళి యెప్పటివలెనే లేచుచుండెను, సూర్యుడును దానియందెప్పటివలెనే చిక్కుకొనుచుండెను. ప్రేమ యనునది చెడును నాపవలెను, ప్రాణవాయువును విడువవలెను. ఆ రెంటి నడుమ నెంత సందుండవలెనో కొలిచి చెప్పగల తల్లి లోకమునం దింకను బుట్టలేదు.

అంకమ్మ చేతులు పైటయంచును నలుపుచుండెను. ఇక లోపలికి బోవుదమని యామె వెనుదిరుగుచుండెను. బండిపై గూర్చున్న కూతురు ముందునకే చూచుచు పలికెను.

"కొంగు బొడ్లో దోపుకో అమ్మా. చక్రంలో పడుద్ది."