పుస్తకం స్థితి

శనివారం బడి వదిలాక రబ్బరు ముక్క పట్టుకుని గ్రంథాలయం గదిలో కూర్చున్నాను. మా ముసునూరు బడిలో ఊరందరికీ పుస్తకాలిచ్చే ఈ గ్రంథాలయం పనికి జీతం లేదు. అందుకే అది టీచరమ్మకి వస్తుంది. సోమవారం తనిఖీ. "గీతలన్నీ తుడిచెయ్యండి లేయాగారూ. మురికి పట్టినవి రిజిస్టర్లోంచి కొట్టేసి చిత్తు కింద పడేద్దాం," అన్నారు బడి కమిటీ ప్రెసిడెంటు బసవపున్నారావుగారు. గుమ్మం దాటుతూ, "తుడవడం మీకు అలవాటేగా," అని నవ్వారు.

ముప్ఫై పుస్తకాలయ్యాక మా అక్క లీదియా రాసిన నవల చేతికొచ్చింది. అక్క పోయి ఎనిమిది నెలలు. అప్పటినుంచి నేను దాన్ని తెరవలేదు. అందులో ఒక ఊరివాళ్ళు గట్లు తీసేసి పొలాలు కలుపుకుంటారు. తర్వాత వంటిల్లు కూడా ఒకటే చేసుకుని, ఆడా మగా వంతులేసుకుని వండుతారు. అక్క సోషలిజాన్ని నమ్మింది. ఆ సంగతి దాచుకోలేదు.

మార్జిన్ల నిండా పెన్సిల్ రాతలే. "శభాష్." "ఇది నవలా, కరపత్రమా?" "నా మామిడితోట కూడా కలపాలా? కుదరదు." "ఈవిడకి రాసిచ్చిన మగాడెవరో!" వంటింటి అధ్యాయంలో ఒకాయన, "నాకు నీళ్ళు కాయడం కూడా రాదు. ఊరంతా పస్తే," అని రాశాడు. దాని కింద నీలం సిరాతో ఒక వాక్యం: "ఇక్కడ నవల దారి తప్పింది."

ఆ చేతిరాత నాకు పదకొండేళ్ళుగా తెలుసు. నా భర్త డేవిడ్ రాజుది. ఆయన యూనియన్ మనిషి. అక్క సంతాపసభలో ఈ నవల గురించి అరగంట మాట్లాడి అందరినీ ఏడిపించారట. నేను వినలేదు. వెనక గదిలో నలభై మందికి టీ కాస్తున్నాను. ఇంటికొచ్చాక, "మీ అక్క పొలం దాకా బాగానే రాసింది లేయా. వంటింట్లోకి ఎందుకెళ్ళిందో!" అన్నారు. నేను గ్లాసులు కడుగుతున్నాను.

రబ్బరు ఆ పేజీ మీద పెట్టాను. పసుపు వేలిముద్ర ఒకటి కనిపించింది. పక్కనే నూనె చుక్క, కింద మామిడి సొన నల్లటి మరక. రుద్దితే పోలేదు. వెనక్కి తిప్పాను. పొలాల అధ్యాయాలు తెల్లగా ఉన్నాయి. మరకలన్నీ ఈ పేజీకే, "పొలం అందరిదైన రోజున పొయ్యి ఒక్కతెదే ఎందుకవ్వాలి?" అన్న వాక్యం చుట్టూ. రిజిస్టరు చూస్తే, పుస్తకం తీసుకున్నవాళ్ళందరూ మగవాళ్ళే.

ఇంతలో పుష్పవతి వచ్చింది. మామిడికాయలు ఏరి గంపలకెత్తే కూలిమనిషి. భర్త తీసుకున్న పుస్తకం ఏదో తిరిగివ్వడానికి వచ్చి, నా చేతిలోది చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"కోప్పడకండి టీచరమ్మా. ఆ సొన మాదేనండి. మా ఆయన తెచ్చినప్పుడు, కాయల కింద గడ్డి సర్దుతుంటే వెంకాయమ్మత్త కూతురు చదివి వినిపించింది. ఆ పేజీ మళ్ళీ చదవమని పుస్తకం లాక్కున్నాం."

"ఏమన్నారు?"

"వెంకాయమ్మత్తేమో, మగాళ్ళు వండితే ఎవరు తింటారే అని ఒకటే నవ్వు. ఇంకొకామె, ఇవన్నీ పుస్తకాల్లోనే అంది. నాకు మాత్రం ఒకటే అనుమానమండి." లోపలికొచ్చి చేతిలోని పుస్తకం బల్ల మీద పెట్టింది. "మీ అక్కయ్యగారు మా ఇంటికి ఎప్పుడొచ్చి చూశారండీ?"

ఆమె తెచ్చిన పుస్తకాన్ని రిజిస్టర్లో జమ వేసుకున్నాను. ఆమె వెళ్ళాక, ఎనిమిది నెలల్లో మొదటిసారి, అక్క పేరు బయటికి పలికాను.

రిజిస్టర్లో చివరి గడి "పుస్తకం స్థితి". మంచిది, చిరిగింది, మురికి: ఈ మూడింటిలో ఒకటి రాయాలి. మురికి అని రాస్తే ఊళ్ళో ఉన్న ఈ ఒక్క కాపీ సోమవారం చిత్తుకు పోతుంది. మంచిది అని రాస్తే అబద్ధం.

రబ్బరు సొరుగులో పడేశాను. మెచ్చుకున్నదీ, తిట్టిందీ, నీలం సిరా వాక్యమూ, దేన్నీ ముట్టుకోలేదు. కలం తీసి, నల్లబల్ల మీద పిల్లలకి రాసేటంత గుండ్రంగా రాశాను:

"చదివారు."

పక్కన నా పూర్తి సంతకం పెట్టాను.