బావగారు పెట్టిన రోగం పేరు

మామయ్యగారిని ఇంటికి పంపేటప్పుడు, రోగిని చూసుకునే ఇంటివాళ్ల కోసమని ఆసుపత్రిలో ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. నిండా వైద్యంలో వాడే మాటలు, వాటి అర్థాలు. రోగిని చూసుకునేది నేను. పుస్తకం చదివింది ఆయన పెద్దకొడుకు, అంటే మా బావగారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, ఆ రోజు నుంచి మా ఇంట్లో మామూలు జబ్బు ఒక్కటీ లేకుండా పోయింది. మామయ్యగారి కాళ్లవాపు ఎడీమా అయింది. నా తలనొప్పి మైగ్రేన్ అయింది, అయినా వంట నాకు తప్పలేదు.

ఇంతలో మామయ్యగారు మంచం మీంచి లేవబోయి కూలబడటం మొదలైంది. ఒకసారి తల గోడకు తగిలింది. ఈసారి తుంటి ఎముక విరిగితే ఇక మంచమే గతని నాకు గుండెల్లో దడ.

"వెర్టిగో, అంటే తల గిర్రున తిరిగే జబ్బు," అన్నారు బావగారు, గుమ్మంలోంచే.

డాక్టరు గదిలోకి రోగి వెంట ఒక్కరినే రానిస్తారు. ఆ ఒక్కరూ ఎవరో వేరే చెప్పాలా? వెర్టిగో మాత్రలతో బయటికొచ్చారు. అవి వేసుకుని మామయ్యగారు పగలంతా జోగేవారు, లేచినప్పుడు మాత్రం ఎప్పటిలాగే పడేవారు. రెండోసారి వెళ్లినప్పుడు వాళ్ల వెనకే నేనూ దూరాను. నర్సు కసిరినా కదల్లేదు.

"వెర్టిగో తగ్గలేదండీ," అన్నారు బావగారు.

"వెర్టిగో అని ఎవరు చెప్పారు?" అంది డాక్టరు.

"మీరే కదండీ మందు రాశారు."

"మీరు చెప్పారనే రాశాను."

నాకు ఒళ్లు మండింది. "పడేది మామయ్యగారు. ఆయన్ని అడగండి," అన్నాను.

మామయ్యగారు కొడుకు వైపు ఒకసారి చూశారు. "పడుకుంటే ఏమీ ఉండదమ్మా. లేచి నిలబడితే కళ్లు బైర్లు కమ్ముతాయి. కూర్చుంటే పోతుంది. ఆసుపత్రిలో బీపీ మాత్ర పెంచినప్పటి నుంచీ ఇంతే."

డాక్టరు ఆయన్ని పడుకోబెట్టి, ఆ తర్వాత నిలబెట్టి బీపీ చూసింది. నిలబడగానే బాగా పడిపోతోంది. బీపీ మాత్ర తగ్గించి, వెర్టిగో మాత్రలు కొట్టేసింది.

"అయితే దీన్నేమంటారండీ?" బావగారు పెన్ను తీశారు.

డాక్టరు అటు చూడలేదు. "ఈ ముక్క మొదటిసారే చెప్పొచ్చు కదండీ," అంది మామయ్యగారితో.

"దాని పేరు నాకు తెలీదు కదమ్మా," అన్నారాయన. "తెలిసినవాళ్లు మాట్లాడుకుంటున్నారని ఊరుకున్నాను."