తల్లుల దగ్గరికి ట్రాలీ

యాదయ్య గొర్రెపిల్లలను ఒక్కొక్కటిగా చంకలో ఇరికించుకుని ట్రాలీ ఆటోలోకి ఎక్కిస్తున్నాడు. ఎండకు కమిలిన మెడ, మోకాళ్ల దాకా మడిచిన ప్యాంటు, పైబొత్తాం ఊడిన ఖాకీ చొక్కా. సూర్యాపేటలో ఆ బండి ఎక్కని సామాను లేదు: ఫ్రిజ్‌లు, పెళ్లిమంచాలు, ఒకసారి బ్యాండుమేళం మొత్తం. హాలియా దగ్గర సుడిగాలి బండిని లేపి మూడు పొలాల అవతల దింపితే, లోపలున్న కోడిగుడ్లలో ఒక్కటీ పగల్లేదని ఆయన చెబుతాడు. వినేవాళ్లు నవ్వితే గుడ్ల లెక్క పెంచుతాడు.

ఈ కిరాయి గొర్లకాపరి నాగయ్యది. నేరేడుచర్ల పక్కన మేత అయిపోయింది. తెల్లారకముందే నాగయ్య, కొడుకు కృష్ణ తల్లిగొర్రెలను తోలుకుని, మిర్యాలగూడ దిక్కున కోసిన పొలాలకు నడక మొదలుపెట్టారు. అంత దూరం నడవలేని పిల్లలు బండి మీద రావాలి. వాటి కడుపులో ఉన్నవి తల్లులు కదిలేముందు తాగిన పాలే. చీకటి పడేలోపు తల్లులను కలవాలి.

నాగయ్య భార్య మైసమ్మ ముందు సీట్లో కూర్చుంది. "తొవ్వల కతలు పెట్టుకోకు యాదన్నా. పసివి, రాత్రికి ఆగయి."

"పరేషాన్ గాకు సెల్లె. ఇయ్యాల నాకు ఇద్దరు తొవ్వ సూపెడుతున్నరు."

ఇద్దరంటే అద్దం ముందు బిగించిన రెండు ఫోన్లు. ఒకటి తనది, ఒకటి భార్య సక్కుబాయిది. ఏది మంచిదో చూడమని కూతురు శోభ రెండింటిలో వేర్వేరు మ్యాపులు వేసింది. పొద్దున కోదాడకు ఇనుప బీరువా తీసుకుపోతే రెండూ ఒకే గుమ్మం ముందు ఆపాయి. అప్పటి నుంచి యాదయ్యకు వాటి మీద గురి కుదిరింది. కొత్త పొలం లొకేషన్ కృష్ణ మధ్యాహ్నమే పంపాడు.

కాలువ దాటగానే ఒక ఫోను ఎడమకు తిరగమంది. రెండోది కుడికి తిరగమంది.

"గిదేందన్నా, సవతులు కొట్లాడినట్టుంది."

"కొట్లాడనీ. గెలిసినామె తొవ్వల పోదాం."

మొదటామె కాలువకట్ట మీదికి తీసుకుపోయింది. అక్కడ గడ్డిలోడు ట్రాక్టరు అడ్డంగా దిగబడి ఉంది. యాదయ్య వెనక్కి తిప్పి రెండో ఆమె మాట విన్నాడు. ఆమె రైసు మిల్లుల సందులోకి, వడ్ల లారీల వరుస వెనక్కి తెచ్చి నిలబెట్టింది.

"నీ ఇద్దరికంటే మా నత్తి మామ నయం," అంది మైసమ్మ. "మెల్లగ జెప్పినా సక్కగ జెప్తడు."

లారీలు కదిలాక ఎలాగో ఊరు దాటారు. చివరికి గమ్యం చేరుకున్నామని రెండు ఫోన్లూ ఒకదాని వెంట ఒకటి చెప్పాయి. ఎదురుగా పొలం నిండా నీళ్లు. మంద లేదు. గట్టు మీద పార పట్టుకున్న రైతు, నాటుకు నీళ్లు పెట్టాల్సి వచ్చి మందను తోలుకుపొమ్మన్నానని, అటో ఇటో పోయిందని చెయ్యి ఊపాడు. కృష్ణ ఫోన్ స్విచ్ ఆఫ్.

పొద్దు తాటిచెట్ల మీదికి దిగింది. వెనక పిల్లలు గొంతులు ఎండేలా అరుస్తున్నాయి. యాదయ్యకు ఒక్క కథా నోటికి రాలేదు.

"ఫోన్లు బంద్ జెయ్యి," అంది మైసమ్మ. "బండి గూడ."

ఇంజను ఆగింది. పిల్లలు మళ్లీ అరిచాయి. చాలా దూరం నుంచి, తుమ్మల అవతల, ఒక గొర్రె బదులిచ్చింది. తర్వాత పది.

"అగో. కుడికి పోనియ్యి."

ప్రతి మలుపులో యాదయ్య ఇంజను ఆపాడు. పిల్లలు అరిచేవి, తల్లులు పలికేవి, బండి అటు తిరిగేది. మసక చీకట్లో మంద చుట్టూ వలలు బిగిస్తున్న నాగయ్య కనిపించాడు.

పిల్లలను దింపగానే పొలమంతా ఒకటే గోల. కాసేపటికి పాలు తాగుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నల్లచెవి పిల్ల ఒక్కటి మాత్రం ఒక్కో గొర్రె కిందికీ దూరి, తన్నులు తిని వెనక్కి వస్తోంది.

"దాని తల్లేది?" అంది మైసమ్మ.

నాగయ్య చేతిలోని కొంకికర్రతో నేల గీశాడు. "ముసల్దైంది గదా. కాల్వకట్ట ఎక్కలేక గాడనే కూసున్నది. మల్ల లెవ్వలె. గాడనే బొంద పెట్టినం."

మైసమ్మ మందలోకి నడిచింది. పాలు ఎక్కువున్న ఒక గొర్రెను చూసి వెనక కాళ్లు పట్టుకుంది. అది గింజుకుంది. యాదయ్య మోకాళ్ల మీద కూర్చుని దాని తల రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"తన్నకు బిడ్డా. నడిగూడెంల ఓ గొర్రె ఉండె. నక్కపిల్లకు గూడ పాలిచ్చింది. గా నక్క పెద్దగై మందకు కాపలా ఉండె."

"కాపలేనా మామా, జీతం గూడ అడిగెనా?" అన్నాడు కృష్ణ వల ముడేస్తూ.

"అడిగింది. మీ అయ్య ఇయ్యలె."

నాగయ్య నవ్వాడు. కథ నమ్మిందో, నడిచి అలసిందో, గొర్రె కదలకుండా నిలబడింది. పొదుగు అందిన నల్లచెవి పిల్ల తోక సన్నగా ఆడటం మొదలైంది. యాదయ్య ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు.

ముసలి గొర్రె మెడలోంచి విప్పి తెచ్చిన ఇత్తడి గంట వలగుంజకు వేలాడుతోంది, దాని తోలుపట్టీకి నాలుగు తెల్లవెంట్రుకలు ఇంకా అంటుకుని ఉన్నాయి.