బెన్నీ సాక్ష్యం

మా ఆయన బెన్నీ మాజీ జవాను. భద్రాచలం అవతల అడవిలోని శిబిరంలో ఇరవై ఒక్క రోజులుండి మొన్ననే పెనుబల్లికి వచ్చాడు. యుద్ధం చూసిన వాళ్లకు మనశ్శాంతి కలిగిస్తామని తీసుకెళ్లారు. పూటకో మాత్ర, రోజంతా చెవులకు హెడ్‌ఫోన్లు. శిబిరం పెట్టించింది మేజర్ ఉదయ్ భాస్కర్ మనుషులని తర్వాత తెలిసింది. ఎలుకకు పిల్లి వైద్యం చేస్తానంటే సంచి సర్ది మరీ పంపాను. నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి.

ఆ మేజర్ ఇప్పుడు ఎమ్మెల్యేగా నిలబడుతున్నాడు. పదమూడేళ్ల కిందట సరిహద్దు కొండల్లో, గాయపడిన డేవిడ్‌ను ప్రాణముండగానే వదిలేసి దిగమన్నది ఆయనే. డేవిడ్ మా ఊరివాడు. అతని అరుపులు వింటూ బెన్నీ కొండ దిగాడు. ఏటా అదే తేదీన చర్చిలో నిలబడి, ఏడుస్తూ ఆ సాక్ష్యం చెప్పేవాడు. డేవిడ్ తల్లి ఇన్నమ్మ ముందు వరసలో కూర్చుని వినేది. ఆమె పెట్టిన అర్జీ మీదే విచారణ వేశారు. సోమవారం ఖమ్మంలో బెన్నీ వాంగ్మూలం ఇవ్వాలి.

"ఏం చెప్తవ్ ఆడ?" అన్నం వడ్డిస్తూ అడిగాను.

"డేవిడ్‌కు గుండెల తూటా దిగింది. మేజర్ సార్ ఒళ్లోనే పండుకున్నడు. నొప్పి తెల్వకుండ కన్ను మూసిండు."

గరిటె పక్కన పెట్టేశాను. తిరుమలాయపాలెంలో ఉన్న జైరాంకు ఫోన్ చేశాను. అతనూ ఆ కొండ మీదున్నవాడే, ఆ శిబిరానికి వెళ్లొచ్చినవాడే. అవే మూడు మాటలు, అదే వరసలో చెప్పాడు.

చర్చిలో నిలబడితేనన్నా నిజం గుర్తొస్తుందేమోనని ఆదివారం లాక్కెళ్లాను. కంట చుక్క నీరు లేకుండా అదే చెప్పాడు. నిరుడు చెప్పిన సాక్ష్యం నా ఫోన్‌లో ఉంది. అందరి ముందూ వినిపించాను. బెన్నీ మొహం చిట్లించాడు.

"ఎవడు వాడు? గిట్ల అబద్ధాలు చెప్తుండేంది?"

ఇన్నమ్మ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "ఫోన్ బంద్ చెయ్యి బిడ్డా. ఇన్నేండ్లకు నా కొడుకు నొప్పి లేకుండ పోయిండు. నన్ను గట్లనే అనుకోనియ్యి."

బంద్ చేశాను. ఆమె మీద కోపం తెచ్చుకోవడం నా వల్ల కాలేదు.

సోమవారం విచారణ అధికారి ముందు ఆ రికార్డింగ్ మళ్లీ పెట్టాను. జైరాం అప్పటికే తన మూడు మాటలూ అప్పజెప్పి కూర్చున్నాడు.

"అది నా గొంతు కాదు సార్," అన్నాడు బెన్నీ.

నాదే అబద్ధమేమో అనిపించేంత నమ్మకంగా అన్నాడు. అతనిదేనని నేను అరిచాను. మేజర్ తరఫు వకీలు నవ్వాడు. "భార్య చేత ఎవరో చెప్పిస్తున్నారు సార్."

"ఈ గొంతు గుర్తుపట్టేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు అధికారి.

ఇన్నమ్మ వెనక బెంచీలో ఉంది. నేను తిరిగి చూడలేదు. ఏ మొహంతో అడగను?

బెంచీ కిర్రుమంది. ఆమె లేచి నిలబడింది.

"అది బెన్నీ గొంతే సార్," అంది. "నా కొడుకు శానసేపు అరిసిండు. రాసుకోండ్రి."